జీవావరణం: పిల్లలకు పరిచయం

భూమి మీద ప్రాణమున్న చోటంతా కలిపితే జీవావరణం. నేలలో, నీటిలో, గాలిలో జీవులు ఉన్నంత మేరా అది వ్యాపించి ఉంటుంది. ఆ జీవులు ఒకదానితో ఒకటి, చుట్టూ ఉన్న మట్టితో, నీటితో, గాలితో నెరపే ఇచ్చిపుచ్చుకోళ్ళు కూడా అందులో భాగమే. బడి పుస్తకాల్లో శిలావరణం, జలావరణం, వాతావరణం తర్వాత నాలుగోదిగా దీన్ని చెబుతారు. నాలుగు రంగుల బొమ్మ, దాని కింద నాలుగు నిర్వచనాలు, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆ బొమ్మ చూసిన పిల్లవాడికి జీవావరణం అంటే మిగతా మూడింటి పక్కన పేర్చిన మరో అర అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. అది ఆ మూడింటిలోనూ కలిసిపోయి ఉంది, వాటిని మార్చింది, ఈ క్షణాన కూడా మారుస్తోంది. మనం పీల్చే గాలి, పంట పండే మట్టి దాని చేతి పనే. పిల్లలకు నిర్వచనం కంటే ముందు ఈ పని కనబడాలి. అది అతి దగ్గర్లో, కాలి కిందే జరుగుతుంది కాబట్టి చూపించడం కష్టం కూడా కాదు.

ఎంత మేర

బడి వరండాలో గచ్చు మీద తాడు, సుద్దముక్కతో 64 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తం గీయించండి. అది భూమి. ఒక్కో సెంటీమీటరు 100 కిలోమీటర్ల లెక్క. భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. సముద్రం అట్టడుగు నుంచి పక్షి ఎగరగలిగిన ఎత్తు దాకా కొలిచినా జీవావరణం 20 కిలోమీటర్ల పైచిలుకే. గచ్చు మీద అది 2 మిల్లీమీటర్లు. పిల్లలు గీసిన సుద్దగీత మందమే దాదాపు అంత ఉంటుంది. తెలిసినంత వరకు ఈ విశ్వంలో ప్రాణమున్న జాగా మొత్తం ఆ గీతలోనే ఇమిడి ఉందని చెప్పి కాసేపు ఆగడం మంచిది. పిల్లలు గీత వంక చూస్తారు. తర్వాత ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

రెండు కొసల్లోనూ ఆశ్చర్యాలున్నాయి. 1973లో పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్ మీద 11,300 మీటర్ల ఎత్తున ఎగురుతున్న రూపెల్ రాబందు ఒకటి విమానానికి తగిలింది. పసిఫిక్ మహాసముద్రంలోని మేరియానా అగాధంలో దాదాపు 10,900 మీటర్ల లోతున, చిమ్మచీకటిలో, రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న జీవులు తిరుగుతున్నాయి. దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో, 2.8 కిలోమీటర్ల లోతున రాతి పగుళ్ళ నీటిలో, ఎండ పొడ ఎరుగని బ్యాక్టీరియా దొరికింది. 1977లో గాలపగోస్ దీవుల దగ్గర సముద్రపు అడుగున వేడినీటి ఊటల చుట్టూ పీతలు, ఆల్చిప్పలు, పొడవాటి గొట్టపు పురుగులు కనిపించాయి. అక్కడ ఆహారానికి మూలం సూర్యుడు కాదు, నీటితో పైకి వచ్చే రసాయనాలు. అయితే ఇవన్నీ అంచుల కబుర్లు. జీవావరణంలో చిక్కటి భాగం చాలా పలచనిది. నేల మీద చెట్టు కొస నుంచి వేరు కొస దాకా, సముద్రంలో వెలుతురు దిగే పై 200 మీటర్లు. పని ఎక్కువగా జరిగేది అక్కడే.

రాళ్ళలో రాసి ఉన్న చరిత్ర

జీవావరణం అనే మాటను ఆస్ట్రియా భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ జ్యూస్ 1875లో ఆల్ప్స్ పర్వతాల పుట్టుక మీద రాసిన పుస్తకంలో వాడాడు. దాన్ని ఒక శాస్త్ర భావనగా నిలబెట్టినవాడు రష్యన్ శాస్త్రవేత్త వ్లదిమీర్ వెర్నాద్‌స్కీ. 1926లో 'జీవావరణం' పేరుతోనే ఆయన పుస్తకం వెలువడింది. భూమి రూపురేఖలను అగ్నిపర్వతాలు, నదులు మార్చినట్టే ప్రాణి కూడా మారుస్తుందని ఆయన వాదం. ఆ కాలానికి అది కొత్త ఆలోచన. 1970లలో జేమ్స్ లవ్‌లాక్, లిన్ మార్గులిస్ ఈ దారిలోనే ముందుకు వెళ్ళి, భూమి తన పరిస్థితులను తానే సర్దుకుంటుందనే గైయా ప్రతిపాదన చేశారు. దాని మీద వాదోపవాదాలు ఇంకా సాగుతున్నాయి.

వెర్నాద్‌స్కీ మాటకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం గాలి. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. దాని చరిత్రలో సగకాలం దాదాపుగా గాలిలో ఆక్సిజన్ లేదు. నీటిలో బతికే సయనోబ్యాక్టీరియా ఎండతో ఆహారం తయారు చేసుకుంటూ ఆక్సిజన్‌ను వదిలేది. మొదట్లో వచ్చినదాన్ని సముద్రంలోని ఇనుము, అగ్నిపర్వతాల వాయువులు పీల్చుకున్నాయి. సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట అది గాలిలో చేరడం మొదలైంది. ఆక్సిజన్ నుంచే ఓజోన్ పొర ఏర్పడింది. ఆ పొర అతినీల లోహిత కిరణాలను అడ్డుకున్నాకే నేల మీద పెద్ద జీవులు నిలదొక్కుకోగలిగాయి.

ఈ కథకు మన గడ్డ మీదే ఆనవాళ్ళున్నాయి. అలాంటి సూక్ష్మజీవులు లోతు తక్కువ నీళ్ళలో పలచటి తెరల్లా పెరిగి, వాటి మీద సున్నపు మట్టి పేరుకుని, మళ్ళీ వాటి మీద కొత్త తెర పెరిగి ఏర్పడిన రాళ్ళను స్ట్రోమటోలైట్లు అంటారు. కడప జిల్లాలోని వేంపల్లె పేరు పెట్టిన శిలల వరసలో, సుమారు 190 కోట్ల ఏళ్ళ నాటివి, ఇవి కనిపిస్తాయి. పగిలిన రాయి ముఖం మీద సన్నని గీతలు ఒకదాని మీద ఒకటి గుమ్మటాల్లా ఉబ్బి ఉంటాయి. ఒక్కో గీత ఒకప్పుడు జీవమున్న తెర. రాయలసీమ పిల్లలకు డైనోసార్ల బొమ్మలకంటే ముందు ఈ రాళ్ళను చూపించాలని నా అభిప్రాయం. డైనోసార్ల కంటే ఎన్నో రెట్లు పాతవి అవి.

తిరిగే సరుకు

జీవావరణపు పనిలో రెండు సూత్రాలు ముఖ్యం. శక్తి ఒకవైపే ప్రవహిస్తుంది. ఎండగా వచ్చి, ఆకులో ఆహారమై, తిన్నవాళ్ళ ఒంట్లో ఖర్చయి, చివరికి వేడిగా వెళ్ళిపోతుంది. రోజూ కొత్తది రావలసిందే. పదార్థం అలా కాదు. కార్బన్, నత్రజని, భాస్వరం, నీరు ఉన్నవే మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి.

నత్రజని తిరుగుడును చూపించడానికి నెల దాటిన వేరుశనగ మొక్క ఒక్కటి చాలు. నేల తడిగా ఉన్నప్పుడు మొక్క చుట్టూ గునపంతో మట్టి వదులు చేసి, వేళ్ళు తెగకుండా మెల్లగా పైకి తీసి, నీళ్ళలో జాడించాలి. పక్కవేళ్ళ మీద ఆవగింజంత, కొన్ని అంతకంటే కాస్త పెద్ద బుడిపెలు గుత్తులుగా కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల లేత గులాబీ రంగు. అలా ఉంటే బుడిపె పనిలో ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలుకాలేదు, పచ్చబడితే పని అయిపోయింది. ఆ గులాబీ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌కు అది దగ్గరి బంధువు. బుడిపె లోపల రైజోబియం బ్యాక్టీరియా కాపురముంటుంది. మొక్క దానికి పంచదార ఇస్తుంది. అది గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. గాలిలో 78 శాతం నత్రజనే అయినా అంత గట్టిగా ముడిపడిన అణువులను ఏ మొక్కా, ఏ జంతువూ నేరుగా వాడుకోలేదు. మన ఒంట్లోని మాంసకృత్తుల్లో ఉన్న నత్రజనిలో చాలా భాగం ఒకప్పుడు ఇలాంటి బ్యాక్టీరియా గుండానో, ఎరువుల కర్మాగారం గుండానో రావలసిందే.

1888లో డచ్ శాస్త్రవేత్త బైయరింక్ ఈ బ్యాక్టీరియాను వేరుచేసి చూపాడు. రైతులకు ఫలితం అంతకు చాలా ముందే తెలుసు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతల వేళ మాగాణిలో మినుము, పెసర చల్లడం, నాట్లకు ముందు జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి పచ్చిరొట్టగా దమ్ములో కలియదున్నడం ఆ ఎరుకతోనే. ఊళ్ళో పెద్దవాళ్ళను పిలిపించి ఈ సంగతి పిల్లలకు చెప్పిస్తే పాఠం పుస్తకం దాటి పొలంలోకి వెళుతుంది.

భాస్వరం తిరుగుడు ఇంకా విచిత్రం. ఆఫ్రికాలోని చాద్ దేశంలో ఎండిపోయిన ఒక మహా సరస్సు అడుగు ఉంది, పేరు బోదేలే. ఒకప్పుడు ఆ నీళ్ళలో బతికిన డయాటమ్‌లనే సూక్ష్మ నాచుల పెంకులు ఇప్పుడు అక్కడ దుమ్ముగా పడి ఉన్నాయి. సహారా గాలులు అక్కడి నుంచీ చుట్టుపక్కల నుంచీ దుమ్మును లేపి అట్లాంటిక్ దాటిస్తాయి. ఉపగ్రహ కొలతల ఆధారంగా 2015లో వెలువడిన అంచనా ప్రకారం, ఏటా దాదాపు 22,000 టన్నుల భాస్వరం ఆ దుమ్ముతో అమెజాన్ అడవి మీద పడుతుంది. వానలకు అడవి ఏటా పోగొట్టుకునే భాస్వరం కూడా ఇంచుమించు అంతే. ఎడారి లేకపోతే అడవికి లోటు వస్తుంది. ఎడారి అంటే పనికిరాని చోటు అనుకునే పిల్లలకు ఇది తప్పక చెప్పవలసిన కథ.

అమెజాన్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఆ అడవి భూమికి ఊపిరితిత్తులని, మన ఆక్సిజన్‌లో ఐదో వంతు అక్కడి నుంచే వస్తుందని పిల్లల పుస్తకాల్లో తరచు రాస్తుంటారు. అది సరికాదు. అడవి తయారుచేసే ఆక్సిజన్‌ను దాదాపు అంతా అక్కడి చెట్లు, జంతువులు, కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. గాలిలో ఉన్న ఆక్సిజన్ నిల్వ కోట్ల ఏళ్ళుగా పోగుపడింది. కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోని కంటికి కనబడని వృక్ష ప్లవకాలది. వాటిలో ప్రోక్లోరోకాకస్ అనే అతి చిన్నది 1980లలో గానీ శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అమెజాన్‌ను కాపాడుకోవడానికి కావలసినన్ని నిజమైన కారణాలున్నాయి. అక్కడి జీవరాశి, అది నిలబెట్టే వానలు, దాచిపెట్టిన కార్బన్. పిల్లలకు తప్పుడు కారణం ఇస్తే, అది తప్పని తెలిసిన రోజున అడవి మీద నమ్మకం కూడా సడలుతుంది.

ఎవరి వాటా ఎంత

2018లో ఇజ్రాయెల్, అమెరికా పరిశోధకులు జీవరాశి మొత్తాన్ని కార్బన్ బరువులో లెక్కగట్టారు. సుమారు 550 గిగాటన్నులు, అంటే 55,000 కోట్ల టన్నులు. అందులో మొక్కలు 450, బ్యాక్టీరియా 70, శిలీంధ్రాలు 12. జంతువులన్నీ కలిపి 2. మనుషులు 0.06. ఇంత తక్కువ బరువున్న మనిషి చేసిన మార్పు మాత్రం పెద్దది. ఇవాళ భూమి మీద ఉన్న క్షీరదాల బరువులో దాదాపు 60 శాతం మనం పెంచే పశువులది, 36 శాతం మనది. ఏనుగులు, తిమింగలాలు, జింకలు, గబ్బిలాలు అన్నీ కలిపితే మిగిలిన 4 శాతం.

గాజు పెట్టెలో భూమి

జీవావరణం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో జరిగిన ప్రయోగానికి మించిన పాఠం లేదు. ఒరాకిల్ ఊరి దగ్గర 1.27 హెక్టార్లలో, గాలి చొరబడకుండా గాజు, ఉక్కుతో ఒక కట్టడం లేపారు. లోపల చిన్న వర్షారణ్యం, పగడపు దిబ్బతో ఒక సముద్రం, మడ అడవి, గడ్డి మైదానం, ఎడారి, పొలం. భూమి మొదటి జీవావరణం కాబట్టి దీనికి బయోస్ఫియర్-2 అని పేరు. 1991 సెప్టెంబర్ 26న నలుగురు మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. రెండేళ్ళు తాము పండించుకున్నదే తినాలి, చెట్లు ఇచ్చిన గాలే పీల్చాలి.

గాలిలో ఆక్సిజన్ నెలనెలా తగ్గుతూ వచ్చింది. 20.9 శాతం ఉండవలసినది 16 నెలల్లో 14 శాతానికి కాస్త ఎగువకు పడిపోయింది. ఎత్తైన కొండల మీద ఉన్నట్టు లోపలివాళ్ళకు ఆయాసం, నిద్ర పట్టకపోవడం. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపవలసి వచ్చింది. కారణం వెతికితే అది మట్టిలో దొరికింది. పంటలు బాగా రావాలని బలమైన కంపోస్టు మట్టి నింపారు. అందులోని సూక్ష్మజీవులు ఆ సారాన్ని తింటూ, లోపలి మొక్కలు తయారుచేసే దానికంటే ఎక్కువ ఆక్సిజన్ వాడేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ గాలిలో పేరుకోవలసింది, కొత్త కాంక్రీటు గోడలు దాన్ని పీల్చుకుని సున్నపురాయిగా మార్చేశాయి. దాంతో లెక్క చాలాకాలం అందలేదు. లోపలికి తీసుకెళ్ళిన 25 జాతుల వెన్నెముక జంతువుల్లో 19 అంతరించాయి. పరాగసంపర్కం చేసే పురుగులన్నీ పోయాయి. చీమలు, బొద్దింకలు మాత్రం విపరీతంగా పెరిగాయి.

ఎనిమిది మంది మనుషుల కోసం అంత డబ్బు, అంత తెలివి పెట్టినా రెండేళ్ళు గాలిని సరిగా నిలపలేకపోయారు. దీన్ని వైఫల్యమని తీసిపారేసేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇది ఎంతో విలువైన ప్రయోగం. పిడికెడు మట్టిలోని కనబడని ప్రాణులు మనం పీల్చే గాలిని నిర్ణయిస్తాయని ఇంత స్పష్టంగా మరేదీ చూపలేదు. అరిజోనా విశ్వవిద్యాలయం ఇప్పటికీ అక్కడ పరిశోధనలు చేస్తోంది.

గాజు గోడలు లేని చోట కూడా ఇలాంటిది జరిగింది, మన దేశంలోనే. పశువులకు నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసం ద్వారా రాబందుల ఒంట్లోకి చేరి వాటి మూత్రపిండాలను పాడుచేసింది. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. 2004లో కారణం తేలింది, 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. రాబందులు గంటల్లో శుభ్రం చేసే కళేబరాలు ఊరి బయట కుళ్ళాయి. వీధికుక్కలకు తిండి పెరిగింది. తెలంగాణలో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట అంచుల్లో పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టినట్టు 2013లో గుర్తించారు. అక్కడి అటవీ సిబ్బంది వాటిని కాపలా కాశారంటే అది ఒక పక్షి మీద ముచ్చట కొద్దీ చేసే పని అనుకోకూడదు.

కాపాడే చోట్లు

యునెస్కో 1971లో 'మనిషి, జీవావరణం' కార్యక్రమం మొదలుపెట్టింది. జీవావరణ రిజర్వు అనే ఏర్పాటు దాన్నుంచి వచ్చింది. మధ్యలో ఎవరూ కదిలించని గర్భ ప్రాంతం, దాని చుట్టూ పరిమితంగా వాడుకునే మండలం, వెలుపల మనుషులు వ్యవసాయం చేసుకుంటూ బతికే మండలం. మనుషులను మొత్తంగా వెళ్ళగొట్టకుండా కాపాడాలన్నది దీని ఉద్దేశం. మన దేశంలో 1986లో నీలగిరితో మొదలై 18 రిజర్వులు ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో శేషాచలం కొండలను 2010లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 4,755 చదరపు కిలోమీటర్లు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం, రాత్రిపూట కొమ్మల మీద మెల్లగా నడిచే దేవాంగ పిల్లి, రాతి పగుళ్ళలో ఉండే బంగారు బల్లి ఇక్కడివి. తిరుమల మెట్లెక్కే కుటుంబాలు ఈ రిజర్వు గుండానే నడుస్తాయి. ఆ మాట దారిలో పిల్లలకు చెప్పేవాళ్ళు ఎక్కువమంది ఉంటే బాగుండును.

కాకినాడ దగ్గర కోరంగి మడ అడవులు మరో పాఠశాల. ఊపిరాడని బురదలోంచి మడచెట్ల శ్వాసవేర్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి. వాటి నడుమ రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగుతాయి. తుపాను అలల ఊపు అక్కడ కొంత చచ్చి, ఊళ్ళ మీదికి తగ్గి వస్తుంది.

కడప జిల్లా లంకమల అడవుల కలివి కోడిని 1848లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు జెర్డన్ కనుగొన్నాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో మళ్ళీ దొరికింది. రాత్రి తిరిగే ఈ పక్షి ఉనికిని తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని చదునుగా పరిచి, తెల్లవారి దాని మీద పడిన అడుగులు చూసేవాళ్ళు.

పిల్లల దగ్గరికి

ఆ మట్టి పట్టీ ఉపాయం ఏ బడిలోనైనా పనికొస్తుంది. సాయంత్రం ప్రహరీ పక్కన జల్లించిన ఇసుకను పలచగా పరిచి వదిలితే, పొద్దున్నే వచ్చిన పిల్లలకు పిల్లి, ఎలుక, కప్ప, కాకి, తేలు, చీమల బారు తమ జాడలు చూపిస్తాయి. బడి తమ ఒక్కరిదే కాదని ఆ ఇసుక చెప్పినంత బాగా మనం చెప్పలేం.

పర్యావరణ విద్యను అన్ని తరగతుల్లో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో ఆదేశించింది. పాఠాలు వచ్చాయి. ఎక్కువ పాఠాలు కాలుష్యంతో, అంతరించే జంతువులతో మొదలవుతాయి. అమెరికా విద్యావేత్త డేవిడ్ సోబెల్ 1996లో రాసిన పుస్తకంలో దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. నాలుగో తరగతి లోపు పిల్లలకు విపత్తులు చెప్పవద్దన్నాడు. కాలుతున్న అడవి ముందు ఏడేళ్ళ పిల్ల ఏమీ చేయలేదు, భయపడి దూరం జరుగుతుంది. ఆయన మాట సరైనదని నేను నమ్ముతాను. ఆ వయసులో కావలసింది పరిచయం, చనువు. వానపాము కదలిక, తూనీగ రెక్క, పిచ్చుక గూడు, చింతచిగురు.

తొమ్మిది, పదేళ్ళ పిల్లలకు గుమ్మడి పాదు చాలా చెబుతుంది. పూలు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నం లోపే ముడుచుకుంటాయి. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు సన్నని కాడ మాత్రమే. రేపు విచ్చుకోబోయే ఆడమొగ్గలు రెండింటికి సాయంత్రమే పలచటి గుడ్డసంచి కట్టి, మిగతావి వదిలేయండి. పువ్వు వాడేదాకా సంచి తీయకూడదు. తేనెటీగ చేరని పిందె కొద్ది రోజుల్లో పసుపుపచ్చబడి రాలిపోతుంది. చేరినది ఊరుతుంది. ప్రధాన ఆహార పంటల్లో దాదాపు మూడొంతులు ఎంతో కొంత ఇలా జంతువుల మీద ఆధారపడేవే. వరి, గోధుమ, మొక్కజొన్న గాలితోనో తమంతట తామో గింజ కడతాయి. కాబట్టి తేనెటీగలు పోతే అన్నం ఉంటుంది, కూరగాయలు, పండ్లు, నూనెగింజలు తగ్గుతాయి.

ఒక చెట్టును ఏడాది పొడుగునా వారం వారం చూడటం మరో మంచి పద్ధతి. దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం, ముఖ్యంగా కేరళ బడుల ద్వారా, దీన్ని పెద్దయెత్తున చేయిస్తోంది. ఆకు రాలడం, చిగురు, పూత, పిందె, పండు. వేప, కానుగ, రేల, మామిడి, ఏదైనా సరే. తేదీ వేసి రాసుకుంటే రెండో ఏట నుంచి పోల్చుకోవడానికి దొరుకుతుంది.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చాక పెద్ద లెక్కలు చూపవచ్చు. హవాయిలోని మౌనాలోవా కొండ మీద 1958లో చార్లెస్ కీలింగ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్ళలో సుమారు 315. 2024 సగటు 424 దాటింది. నెలవారీ అంకెలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. గ్రాఫు కాగితం మీద వాటిని పిల్లల చేతనే గుర్తింపించాలి. రెండు సంగతులు బయటపడతాయి. గీత ఏటా ఒక అల వేస్తుంది. మే నెలలో శిఖరం, సెప్టెంబర్, అక్టోబర్ దగ్గర పల్లం. నేల ఎక్కువగా ఉన్న ఉత్తరార్ధగోళంలో ఆకులు విప్పారి కార్బన్‌ను లాక్కుంటే గీత దిగుతుంది, ఆకు రాలి కుళ్ళితే ఎక్కుతుంది. ఆ అల వేస్తున్నది జీవావరణం. దాంతోపాటు అల మొత్తం ఏటేటా పైకి జరుగుతోంది. ఆ ఎక్కుడు ముఖ్యంగా బొగ్గు, పెట్రోలు, గ్యాసు నుంచి. కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు, ప్లవకాలు తమలో దాచి భూమిలోకి తీసుకెళ్ళిన కార్బన్ అది. సింగరేణి బొగ్గు కూడా అలా పాతుకుపోయిన అడవే. మనం వదిలే దానిలో దాదాపు సగాన్ని నేల, సముద్రం కలిసి ఇప్పటికీ పీల్చుకుంటున్నాయి. మిగతా సగం గాలిలో ఉండిపోతోంది. ఈ లెక్క తమ చేత్తో వేసుకున్న పిల్లలు అడవులు ఎందుకు నరకకూడదు, బొగ్గు ఎందుకు తగ్గించాలి, అందుకు ఎవరు ఏం వదులుకోవాలి అని అడుగుతారు. ఆ చర్చకు కనీసం రెండు పీరియడ్లు ఉంచాలి.